గబ్బిలాల పక్షమున ఒక విన్నపము

ఈ ఏటి సంచికకు ఏదైన ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గపు విద్యార్థులు అడిగినప్పుడు, మేము ప్రబంధ కవుల వర్ణనలను గూర్చియో, దక్కనీ ఉర్దూలో కలిసిపోయిన తెలుగు మాటలను గూర్చియో వ్రాయుదుమని వారు అనుకొని యుందురు. మా మనస్సులోను మొదట ఉన్నది అదే. కాని గడచిన వర్షకాలములో మన కళాశాల వెనుకనున్న పాత దిగుడు బావిని మట్టితోను, రాళ్ళతోను పూడ్చి, ఆ జాగాలో వాహనములు నిలుపుటకు ఒక చదును స్థలము ఏర్పాటు చేయవలెనన్న ప్రతిపాదన పాలకవర్గము ముందుకు వచ్చినది. ఆ బావిలో నీరు లేదు, గబ్బిలాలున్నవి. నిర్ణయము ఇంకను వాయిదాలో ఉన్నది. కనుక అది జరుగుటకు ముందే మా అభిప్రాయమును నాలుగు పుటలలో విన్నవించుకొనదలచినాము.

మేము జంతుశాస్త్రము చదివినవారము కాము. విశ్వవిద్యాలయములో తెలుగు ఎం.ఏ. చదివి, తెలుగు పాఠములు చెప్పుకొనువారము. గబ్బిలాలతో నీకేమి పని అని అడుగువారికి మా వద్ద రెండు జవాబులున్నవి. ఒకటి, ఆ బావి మా తరగతి గది కిటికీకి ఎదురుగా ఉన్నది. సాయంకాలపు తరగతి ముగియు వేళకు ఆ జీవులు బారులు తీరి బయటికి వచ్చుట ఏడేండ్లుగా చూచుచున్నాము. రెండవది, మేము వాటికి ఒక ఋణము పడియున్నాము. ఆ సంగతి ముందుగా చెప్పుట మర్యాద.

మా చిన్ననాట మా ఊరి గుట్టమీద కూలిన కోట ఒకటి ఉండెడిది. అందులో చీకటి గది. వేసవి సెలవులలో మేము అయిదారుగురము కలిసి, ఆ గదిలో దయ్యమున్నదో, నిధి ఉన్నదో తేల్చుటకు పూనుకొన్నాము. లోపల గబ్బిలాలుండుటచేత పోలేకపోయినాము. పెద్దవాడొకడు ఎండుమిరపకాయలు, పాత సైకిలు టైరు తెచ్చి గుమ్మములో అంటించినాడు. అరగంట పొగ. గబ్బిలాలు పట్టపగలు గుంపుగా వెలుపలికి వచ్చినవి, కొన్ని గోడలకు కొట్టుకొని పడినవి, కాకులు కొన్నిటిని ఎత్తుకొని పోయినవి. మేము విజయోత్సాహముతో లోపలికి పోయి చూచితిమి. నిధి లేదు. నేలమీద బొటనవ్రేలంత పిల్లలు, వెంట్రుకలైన రానివి, పాకుచు, నోరు తెరచుచు పడియుండినవి. అది పిల్లల కాలమని మాకు తెలియదు. తెలిసిన మానియుందుమా అన్నది కూడ సందేహమే. మరుసటి ఏడు ఆ గది ఖాళీగా ఉండెను, ఆ తరువాతి ఏడును ఖాళీగానే ఉండెను. చాలా జాతుల గబ్బిలము ఒక కాన్పునకు ఒకే పిల్లను కనునని, ఎలుకవలె ఇబ్బడిముబ్బడిగా పెరిగే జీవి కాదని, ఇరువది ముప్పది ఏండ్లు బ్రతుకగల జీవి కనుక దాని వంశము నిదానముగా నడచునని మేము చదువుకొన్నది మరి పదునైదేండ్లకు.

ఇక పాలకవర్గము వారి వాదనలను తీసిపారవేయ వీలు లేదు. బావికి పిట్టగోడ తగినంత ఎత్తు లేదు. పిల్లలు పడు ప్రమాదమున్నది. విద్యార్థుల మోటారు సైకిళ్ళు ప్రధాన ద్వారము వద్ద అడ్డముగా నిలుచుచున్నవి. కంపు కొట్టుచున్నది. అన్నిటికి మించి 2020 తరువాత తల్లిదండ్రులకు గబ్బిలమన్న మాట వినగానే గుండె జారుచున్నది. ఈ నాలుగును నిజములే. కాని నాలుగింటికిని పూడ్చుట ఒక్కటే మందు కాదని మా అభిప్రాయము. ఆ బావిలోనిది ఏమిటో, అది ఎక్కడెక్కడ అవసరమో తెలిసికొనక దానికి వెల కట్టరాదు.

గబ్బిలము పక్షి కాదని పాఠశాల పిల్లవానికి సైతము తెలియును. ఈకలు లేకయే ఎగురుట, పిల్లలను కని పాలిచ్చుట చూచి తొమ్మిదవ శతాబ్దములో బస్రా నగరపు పండితుడు అల్-జాహిజ్ తన జంతువుల గ్రంథములో ఆశ్చర్యముతో వ్రాసినాడు. ఫారసీ కవులు దానిని సూర్యద్వేషిగా చిత్రించినారు. మన ఉర్దూలో చమ్‌గాదడ్ అను మాటే తిట్టుగా చెల్లుచున్నది. తెలుగులో గబ్బిలము అన్న పేరులోనే జనము గబ్బు వాసన పట్టుకొన్నారు. ఇన్ని భాషలు ఏకమై నిందించిన జీవి మరియొకటి లేదేమో! అయితే లోకములో ఇప్పుడు లెక్కకు వచ్చిన గబ్బిలాల జాతులు 1,400కు పైబడినవి. అనగా పాలిచ్చు జంతువుల జాతులలో అయిదింట ఒక వంతు ఇవే. మన దేశములోనివి సుమారు 130. పులి ఒక్క జాతి, సింహము ఒక్క జాతి. వాటిని గూర్చి మన పాఠ్యపుస్తకములలో పుటలకు పుటలున్నవి. 130 జాతులకు ఒక పేరా లేదు.

వాటి చూపు సంగతి కొంత చెప్పవలె. 1793వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశస్థుడు స్పల్లాంజానీ, కన్నులు పోయిన గబ్బిలములును గదిలో కట్టిన దారములకు తగులక ఎగురుటను గమనించినాడు. మరుసటి ఏడు జెనీవాలోని జ్యూరీన్ అనునతడు చెవులు మూసిన గబ్బిలాలు దారి తప్పునని కనుగొనెను. చెవితో చూచుట ఎట్లని లోకము నవ్వినది. నూట నలుబది ఏండ్లకు పైగా ఆ నవ్వు సాగినది. 1938 మొదలు అమెరికాలో డోనల్డ్ గ్రిఫిన్, ఆయనతో పనిచేసినవారు యంత్రములతో పరీక్షించి, మనిషి చెవికి అందని కేకను గబ్బిలము పలుకుచు, దాని ప్రతిధ్వనిని బట్టి దారిని, ఎరను గుర్తించుచున్నదని ఋజువు చేసినారు. పిట్ట కొంచెము కూత ఘనము అన్న మన సామెత దీనికి సరిపోయినట్లు మరి దేనికిని సరిపోదు. అయితే ఆ కూత మనకు వినిపించదు.

పెద్ద పండ్ల గబ్బిలాలకు ఈ విద్య లేదు. అవి కంటిచూపుతోను, వాసనతోను తిరుగును. మన బావిలోనివి పండ్లు తినునవే అయినను, గుహలలోను పాడుబడిన బావులలోను ఉండు రుసెట్ అను జాతివని మా జంతుశాస్త్ర శాఖ మిత్రులు చెప్పిరి. ఇవి చీకటిలో నాలుకతో టకటక చప్పుడు చేసికొని దారి తెలిసికొనును. కంపు అధికముగా ఉండుటకును కారణము ఇవే.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. గబ్బిలాలన్న అడవిలోనివి, అడవి ఎంత దట్టమైన అన్ని ఎక్కువ జాతులు అన్న అభిప్రాయము మనలో పాతుకొనియున్నది. కనుక కాపాడవలసిన చోటు నల్లమల, ఇక్కడి బీడుభూములలో ఏమున్నదిలే అనుకొందుము. ఇది సగము నిజము; మిగిలిన సగమే మన కొంప ముంచుచున్నది.

పురుగులు తిను గబ్బిలము ఎక్కడ బ్రతుకగలదో దాని రెక్క, దాని కేక నిర్ణయించును. జర్మనీ శాస్త్రవేత్త నాయ్‌వైలర్ 1970, 80లలో మన పొరుగున మధుర ప్రాంతమున గబ్బిలాలపై పనిచేసి ఈ విషయమును చక్కగా విప్పి చెప్పినాడు. సన్నని, పొడుగైన రెక్కలు గలవి వేగముగా, ఎత్తుగా, ఆరుబయట ఎగురును; వాటి కేక తక్కువ స్థాయిది, ఇరువది ముప్పది కిలోహెర్ట్జులు, అది గాలిలో దూరము పోవును. ఎదురుగా ఏ అడ్డును లేనిచోట దూరముననున్న పురుగును పట్టుటకు అది తగినది. పొట్టి, వెడల్పు రెక్కలు గలవి ఆకుల నడుమ మెల్లగా తిరుగును. వాటి కేక నూరు కిలోహెర్ట్జులకు మించినది, దూరము పోదు గాని ఆకు ఏదో పురుగు రెక్క ఏదో తెలుపును. ఈ రెండు పనిముట్లను ఒకే జీవి మోయలేదు. గొడ్డలితో వడ్రంగము, ఉలితో కట్టెలు కొట్టుట ఎంతవరకు సాగునో అంతే.

కనుక అమ్రాబాదు, మన్ననూరు, ఫరహాబాదు అడవులలోనికి పోయిన ఆకుముక్కు గబ్బిలాలు, గుర్రపులాడము వంటి ముక్కు గలవి ఎక్కువ సుఖముగా ఉండును. నల్లమద్ది, ఏగి, తునికి చెట్ల నడుమ, వెదురు పొదల అంచున అవి వేటాడును. అక్కడి నుండి దేవరకొండ మీదుగా నల్గొండ వైపు, లేదా మహబూబ్‌నగర్ మీదుగా నారాయణపేట వైపు రండి. తుమ్మ, రేగు, చండ్ర, సీతాఫలపు పొదలు, నడుమ గడ్డి, గడ్డి నడుమ ఏనుగులు కూర్చున్నట్లు నల్లరాతి గుట్టలు. సాయంకాలము ఆకాశమున చాల ఎత్తున, పిచ్చుక వేగమును మించి పోవునవి మనకు కనిపించును. ఎలుకతోక గబ్బిలాలు, వెలుపలికి తోక పొడుచుకొని వచ్చునవి, సమాధి గబ్బిలాలు. సమాధి గబ్బిలము అను పేరు ఊరక రాలేదు. నెపోలియను సేనలతో ఈజిప్టుకు పోయిన జొఫ్రువా అను శాస్త్రజ్ఞుడు 1818లో ఈ జాతికి పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో సమాధి అన్న అర్థమున్నది. మన గుంబజులలో, కోట గోడల నెర్రెలలో ఉండునవియు వాటి బంధువులే. గోల్కొండ కోటలోని చీకటి గదుల వాసన ఎరుగని సందర్శకుడు లేడు గదా!

ఈ ఆరుబయలు జాతులకు అడవి అక్కరలేదు. కావలసినది రెండు: పగలు తలదాచుకొను రాతి నెర్రె, రాత్రి ఎగురుటకు అడ్డులేని ఆకాశము. ఆ రెండును ఈ ఎత్తుభూములలో దేవుడిచ్చినంత ఉన్నవి. నల్లమలలో ఎన్ని జాతులున్నవో అన్నియు ఇక్కడ ఉన్నవని మేము అనము. ఇక్కడివి అక్కడివాటికి బదులు కావు, అక్కడివి ఇక్కడివాటికి బదులు కావు అని మాత్రము అనుచున్నాము. రెండు చోట్ల జాబితాలను కలిపిననే ఈ ప్రాంతపు జాబితా పూర్తియగును.

జాబితా అనగానే మరియొక చిక్కు. గబ్బిలాలను లెక్కించుటకు పూర్వము నుండి వాడుచున్నది సన్నని నైలాను వల. దానిని రెండు గడల నడుమ కట్టుదురు. అడవి బాటలో, వాగు మీద కట్టిన వలలో తక్కువ ఎత్తున మెల్లగా తిరుగునవి పడును. ఆరుబయట, తాటిచెట్టుకన్న ఎత్తున పోవునవి ఆ వల మొగమైన చూడవు. అప్పుడు వ్రాసిన జాబితాలో అడవి సంపన్నముగాను, మైదానము దరిద్రముగాను కనిపించుట వింత కాదు. అది మైదానపు దారిద్ర్యము కాదు, వల పొట్టిదనము. కేకలను పట్టి వినిపించు యంత్రములు వచ్చిన తరువాతనే ఆకాశములోని జనాభా బయటపడుచున్నది. పరీక్షలో తాను అడిగిన ప్రశ్నలకే మార్కులు వేసి, విద్యార్థికి మరేమియు రాదని తేల్చు ఉపాధ్యాయులము మేమును కొందరము ఉన్నాము. కనుక ఈ తప్పు మాకు సులభముగా అర్థమైనది.

ఇతర దేశములలోను ఇదే కథ. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్టు దేశపు కొమోయె వనము దట్టమైన అడవి కాదు. గడ్డిమైదానము, వాగుల వెంట అడవి కలిసిన నేల. జాకబ్ ఫార్, ఎలిసబెత్ కాల్కో అను శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన పరిశోధనలో, అడవియు మైదానమును కలియు ఇట్టి చోట్లే గబ్బిలాల వైవిధ్యమునకు కేంద్రములని చూపినారు. బ్రెజిలు దేశపు సెరాడో అను సవన్నాలో నూటికి పైగా జాతులున్నవి. జాంబియాలో కసంకా అను చోటికి ఏటేట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పండ్ల గబ్బిలాలు 80 లక్షలు, కోటి వరకు చేరునని అంచనా. చుట్టును దట్టమైన మహారణ్యము లేదు. పలుచని చెట్ల నేలయే.

అంత దూరము పోనక్కరలేదు. తెలుగువారు కన్నడిగులతో కలిసి బ్రతుకుచున్న కోలారు జిల్లాకు పోదము. మన గుట్టలవంటి గుట్టలు, మన ముళ్ళపొదలవంటి పొదలు. అక్కడ హనుమనహళ్ళి అను గ్రామమునొద్ద ఒక రాతి గుహ. ఆ ప్రాంతపు గుహలలో దొరికిన ఒక ఆకుముక్కు గబ్బిలమునకు 1994లో డీటర్ కాక్, హెచ్.ఆర్. భట్ అనువారు హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్ అని పేరు పెట్టినారు. లోకములో ఇది మరెక్కడను లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు గారలు, వారి శిష్యులు ఆ గుట్టలను గాలించి, మిగిలినవి రెండు వందల లోపేనని, మరియొక గుహలోని గుంపు గ్రానైటు తవ్వకముల మూలమున పోయినదని వెల్లడించినారు. 2016లో ఈ జాతి అత్యంత ప్రమాదములో ఉన్నవాటి పట్టికకు ఎక్కినది. మన దేశమున అన్నిటికంటె అరుదైన గబ్బిలాలలో ఒకటి ఏ మహారణ్యములోను లేదు. పనికిరాని రాళ్ళు అని అందరును అనుకొన్న గుట్టలో ఉన్నది. ఈ ఒక్క సంగతి విద్యార్థులు గుర్తుంచుకొన్న మా శ్రమ ఫలించినట్లే.

మన గుట్టలకును అదే గతి పట్టుచున్నది. నల్లకొండ నుండి నల్గొండ అయిన ఊరు మనది. భువనగిరిలో ఒక్క రాయియే కోటయైనది. రాచకొండ, దేవరకొండ దుర్గములు రాళ్ళను ఆనుకొనియే నిలిచినవి. అట్టి రాయిని బిళ్ళలుగా కోసి ఓడలకెక్కించుచున్నారు. గుట్ట నెర్రెలో ఎవరున్నారని అడుగు కాగితము ఒక్కటియు ఆ దారిలో లేదు. కోతలో పని దొరకిన కూలివాని కడుపు కొట్టుమని మేము చెప్పుట లేదు. ఏ గుట్టలో గుహలున్నవో, ఏ గుహలో పిల్లలు పెట్టు గుంపులున్నవో ముందు చూచి, ఆ గుట్టను విడిచి మరియొకటి కోసికొనవచ్చును. రాళ్ళకు మనకు కరువు లేదు.

బీడు అన్న మాటను గూర్చి భాషోపాధ్యాయులముగా ఒక మాట. దున్ననిది బీడు. రెవిన్యూ కాగితములలో అది బంజరు అయినది. బంజరు అనగానే పనికిరానిది అయినది. జయశ్రీ రత్నం, మహేష్ శంకరన్ మొదలగు శాస్త్రజ్ఞులు 2016లో ఆసియా సవన్నాలపై వ్రాసిన పత్రములో, గడ్డియు చెదురు చెట్లును గల ఈ భూములు నరికివేయబడిన అడవుల శేషములు కావని, మనుష్యుని గొడ్డలికి ఎంతో పూర్వము నుండి ఉన్న స్వతంత్ర ప్రకృతియని వాదించినారు. మన ఆకురాల్చు అడవులలోను చెట్ల క్రింద గడ్డి పెరుగుచుండును గనుక వాటిలో కొన్నిటిని సవన్నాలుగానే ఎంచవలెనని వారి మతము. అట్లయిన నల్లమలకును, మన పొదల మైదానమునకును నడుమ గీసిన గీత మనము అనుకొన్నంత లావైనది కాదు. 2015లో మొదలైన హరితహారము 230 కోట్ల మొక్కలు లక్ష్యముగా సాగినది. రోడ్ల ప్రక్క, ఊళ్ళలో, పాఠశాలలలో మొక్కలు నాటుట మేలే. మన విద్యార్థులు నాటినవి మాకు నీడనిచ్చుచున్నవి. అయితే గడ్డి మైదానమును దున్ని ఒకే జాతి మొక్కలను వరుసలుగా నింపుట పచ్చదనము కావచ్చును గాని, ఆరుబయట వేటాడు గబ్బిలమునకు అది పొలములో గోడ కట్టినట్లే.

వాటివలన మనకేమి లాభమని అడుగుట సహజము. నల్గొండ బత్తాయి రైతును అడిగిన రాత్రిపూట వచ్చి కాయను పొడిచి రసము పీల్చు రెక్కలపురుగును గూర్చి గంటసేపు చెప్పును. పత్తి రైతుకు కాయతొలుచు పురుగు. ఈ రెండింటి తల్లులు రాత్రి సంచారులే; రాత్రి గాలిలో వాటిని వేటాడునది ప్రధానముగా గబ్బిలమే. ఇప్ప పువ్వు రాత్రి వికసించును. పండ్ల గబ్బిలాలు ఆ పూలకొరకు వచ్చి పుప్పొడి మోసికొని పోవును. మర్రి, రావి, మేడి, నేరేడు, వేప గింజలు అవి తిని విడిచిన చోట మొలచును. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడని విద్యార్థి మనలో ఉండడు. ఏడెనిమిది వందల ఏండ్లదని చెప్పు ఆ మహావృక్షమునకు 2018లో చెదలు పట్టగా సెలైను సీసాలు కట్టి మందెక్కించినారు. అంత శ్రద్ధ చేసిన మనము, మర్రి గింజను మోసికొని పోవు జీవిని రాళ్ళతో కొట్టుచున్నాము. తాటిచెట్లను చూడండి: గీత కార్మికులు ఎరుగుదురు, ఎండి వ్రేలాడు తాటిమట్టల మడతలలో పసుపు వన్నె పొట్ట గల చిన్న గబ్బిలాలుండును. చెట్టును నున్నగా గీకి శుభ్రము చేసిన అవి ఇండ్ల సందులలోనికి వచ్చును. అప్పుడు మనము ఇంటిలో గబ్బిలము దూరెను, అరిష్టమందుము.

నష్టము చేయదా? చేయును. జామ, సపోటా, ద్రాక్ష తోటలలో పండ్ల గబ్బిలాలు పండిన కాయలను కొరుకుట వాస్తవమే. వల కప్పుట ఒక మార్గము. వేటాడి తినుటకు, ఉబ్బసమునకు మందని మాంసము అమ్ముటకు మాత్రము ఏ వైద్యశాస్త్రపు ఆధారమును లేదు.

రోగము మాట దాచరాదు. నిపా అను వైరసు పండ్ల గబ్బిలాలలో ఉండునది. 2001లో సిలిగురిలో, 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాలలో అది మనుష్యులకు సోకినది. కేరళలో 17 మంది మరణించినారు. బంగ్లాదేశములో పచ్చి ఈతరసపు కుండలను గబ్బిలాలు ముట్టుటచేత వ్యాధి వచ్చెనని తేలిన పిదప, కుండలపై వెదురు తడికలు కట్టుట నేర్చిరి. మన కల్లు లొట్టిపై ఒక వల కప్పుట పెద్ద పని కాదు. పంటి గాట్లున్న పండు తినరాదు. క్రిందపడిన గబ్బిలమును చేతితో ముట్టరాదు. కరచిన వెంటనే కడిగి ఆసుపత్రికి పోవలె. బావిలోనికి ఎవరును దిగరాదు. ఇవి చాలును. గుంపును తరిమివేయుట రక్షణ కాదు. పొగ పెట్టి చెదరగొట్టిన గబ్బిలాలు ఎటు పోవును? తరగతి గదుల వెంటిలేటర్లలోనికి, వరండాలోని చెట్లమీదికి వచ్చును. ఇప్పుడు ఒక చోట, మనకు దూరముగా, మన కంటికెదురుగా ఉన్నవి.

చట్టము సైతము చాల కాలము వాటికి వ్యతిరేకముగానే ఉండినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు అయిదవ పట్టికలో కాకి, ఎలుకలతోపాటు పండ్ల గబ్బిలాలను హానికర జంతువులని చేర్చినారు. ఎవరు చంపినను నేరము కాదు. 2022 సవరణ ఆ పట్టికనే తొలగించినది. 2023 ఏప్రిలు 1 నుండి అది అమలులోనున్నది. యాభై ఏండ్లు పట్టినది. కవి మాత్రము అంతకు ముప్పది ఏండ్లు ముందే మేలుకొన్నాడు. 1941లో గుఱ్ఱం జాషువా గారు గబ్బిలము అను కావ్యమును వెలువరించినారు. గుడిలోనికి రానీయబడని మనిషి, గుడిలో వ్రేలాడుటకు అనుమతి అడుగనక్కరలేని గబ్బిలమును దూతగా పంపి దైవమునకు తన మొర వినిపించుకొనును. హంసలను, మేఘములను దూతలుగా పంపిన సాహిత్యములో ఆయన దీనిని ఎన్నుకొనుట మేము ఏటేట తరగతిలో చెప్పుచుందుము. చెప్పునప్పుడు ఒక్కొక్కసారి కిటికీలో నుండి బావి వైపు చూచుట మాకు అలవాటు.

కనుక పాలకవర్గమునకు మా విన్నపము ఇది. బావిని పూడ్చకుండ చుట్టు పిట్టగోడను నాలుగడుగులకు పెంచి, మెట్ల వైపు ఇనుప తలుపు పెట్టి తాళము వేయించవలె. పైన కప్పుగాని, జాలీగాని వేయరాదు, వేసిన పూడ్చినట్లే. వాహనములకు తూర్పు గోడ వెంబడి ఉన్న స్థలము, రెండు వేపచెట్లను కదల్పకుండనే సరిపోవునని మేము టేపు పట్టి కొలిచి చూచినాము. కంపుకు మందు లేదు. మా తరగతి గదియే అన్నిటికంటె దగ్గర గనుక ఆ కష్టము మేమే పడుదుము. ఖర్చు సంగతి తేలువరకైనను వేసవిలో పని మొదలుపెట్టరాదు; అవి పిల్లలతో ఉండు కాలము.

విద్యార్థులకు ఒక మాట. శాస్త్ర విభాగము వారు, సాహిత్య విభాగము వారు, ఉర్దూ మాధ్యమము వారు, తెలుగు మాధ్యమము వారు అన్న భేదము లేకుండ నెలకు రెండు సాయంకాలములు బావికి ఇరువది అడుగుల దూరమున కూర్చుండి, బయటికి వచ్చువాటిని లెక్కించదలచినాము. సూర్యాస్తమయ సమయము, మొదటి గబ్బిలము వచ్చిన సమయము, వాన, వెన్నెల, మొత్తము సంఖ్య వ్రాయవలె. ఇరువురు వేర్వేరుగా లెక్కించి తరువాత పోల్చుకొనవలె. మొదట తేడా చాల వచ్చును, సిగ్గుపడనక్కరలేదు. తమ ఊరి గుట్టలలో, కోటలలో, పాత బావులలో గుంపులున్నచో లోపలికి పోక బయటినుండియే చూచి, ఊరి పేరుతో వ్రాసి తెచ్చినవారి వివరములను ఉర్దూ తెలుగు రెండింటను అదే పుస్తకములో ఎక్కించెదము. పుస్తకము కొని స్టాఫు గదిలో మా బల్ల సొరుగులో ఉంచినాము. మొదటి పుటలో గత నెల 14వ తేదీ సాయంకాలము మేము ఒంటరిగా వేసిన లెక్క ఉన్నది: 312. రెండవమారు లెక్కించువారు కావలెను.